ప్యానెల్ తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టే ముందు

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు. మే నెల, మధ్యాహ్నం రెండున్నర. నేను బండి దిగీ దిగకముందే ఆపరేటర్ ఎదురొచ్చాడు. "సార్, పొద్దున్నంతా బాగానే నడుస్తది. అన్నం తినొచ్చేసరికి డ్రైవ్ ట్రిప్పయి ఉంటది. పది నిమిషాలు ఆగి రీసెట్ కొడితే లేస్తది, గంటకల్లా మళ్లా పడిపోతది" అన్నాడు. లోపలికి వెళ్లి చూస్తే మోటారు కరెంటు పరికరాలుండే ఇనుప పెట్టె, అదే ప్యానెల్, దాని తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు మీద టేబుల్ ఫ్యాన్, ఫుల్ స్పీడులో లోపలికి కొడుతోంది. డ్రైవ్ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం) మీద, కంటాక్టర్ల (మోటారుకు కరెంటు కలిపి తెంచే స్విచ్‌ల) మీద, వైర్ల మీద పసుపు రంగు తవుడు పొర. వేలితో గీస్తే గీత పడుతోంది.

ఎండాకాలంలో మన దగ్గర ఏ మిల్లుకు వెళ్లినా, ఏ లిఫ్ట్ గదికి వెళ్లినా, చెరువు గట్టు మీద ఏ మోటారు షెడ్డుకు వెళ్లినా ఈ దృశ్యం కనిపిస్తుంది. ఫ్యాన్ పెట్టిన మనిషిని నేను తప్పు పట్టను. పెట్టిన రోజు అది పనిచేస్తుంది, మిల్లు ఆగకుండా ఆ సాయంత్రం గడిచిపోతుంది. కానీ అదే ఫ్యాన్ రోజూ తవుడు మోసుకొచ్చి హీట్‌సింక్ (డ్రైవ్ వేడిని గాలిలోకి వదిలే లోహపు దిమ్మ) రెక్కల మధ్య కూరుతుంది. నెల తిరిగేసరికి టేబుల్ ఫ్యాన్ లేకుండా గంట కూడా నడవని స్థితికి డ్రైవ్ వచ్చేస్తుంది. తెరిచిన తలుపులోంచి 415 వోల్టుల టెర్మినళ్లు చేతికి అందేంత దగ్గరగా ఉంటాయి. బల్లి వచ్చి రెండు ఫేజుల మధ్య పడి ప్యానెల్ ఢామ్మని పేలడం ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలియని సంగతేమీ కాదు.

ఇన్నేళ్లుగా ప్యానెళ్లు, సర్వర్ ర్యాకులు (సర్వర్ కంప్యూటర్లను అరల్లో పేర్చే ఇనుప చట్రాలు) చూస్తున్నాను. వేడి సమస్య అని పిలిచిన చోట నూటికి తొంభై సార్లు ఫ్యాన్ తక్కువై రాలేదు. వేడి బయటికి పోయే దారి ఎక్కడో మూసుకుపోయింది, లేదా పోయిన వేడి గాలే తిరిగొచ్చి మళ్లీ లోపలికి దూరుతోంది. ఆ దారిని పట్టుకోవడం ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు వాట్ల లెక్క

ఎలక్ట్రానిక్స్ తాగిన కరెంటు చివరికి వేడిగానే మిగులుతుంది. 300 వాట్లు తాగే సర్వర్ 300 వాట్ల హీటరుతో సమానం. అది లెక్కలు కట్టింది, ఫైళ్లు పంపింది, అంతా నిజమే. కానీ ఆ 300 వాట్లూ వేడై గదిలోకే వస్తాయి. డ్రైవ్ సంగతి కొంచెం వేరు. అది కరెంటులో సుమారు 97 శాతాన్ని మోటారుకు పంపేసి 3 శాతం దాకా తన దగ్గర వేడిగా ఉంచుకుంటుంది. మూడు శాతమే కదా అనిపిస్తుంది. 30 హెచ్‌పీ డ్రైవ్ అంటే 22 కిలోవాట్లు, అందులో 3 శాతం అంటే 660 వాట్లు. ఒక చిన్న ఇస్త్రీపెట్టెను ఇనుప డబ్బాలో పెట్టి తలుపేసినట్టు.

పీఓఈ స్విచ్‌ది, అంటే నెట్‌వర్క్ కేబుల్ గుండానే కరెంటు కూడా పంపే స్విచ్‌ది, ఇంకో తీరు. దానికి కట్టిన సీసీ కెమెరాలు తాగే కరెంటు స్విచ్ గుండానే వెళ్తుంది గానీ, ఆ వేడి కెమెరాల దగ్గర పుడుతుంది. ర్యాక్ లెక్కలో దాన్ని వేయకూడదు. అలాగే సర్వర్ వెనక స్టిక్కరు మీద 750 వాట్లు అని ఉంటే అది దాని పవర్ సప్లై ఇవ్వగలిగిన గరిష్ఠం. మామూలు ఆఫీసు పనిలో అందులో సగం కూడా తాగకపోవచ్చు. స్టిక్కర్లన్నీ కూడి ఏసీ కొనేవాళ్లను చూశాను, అనవసరపు ఖర్చు. యూపీఎస్ డిస్‌ప్లే మీద లోడ్ చూడండి, లేదా క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పెట్టండి. అసలు లెక్క దొరుకుతుంది.

ఇప్పుడు ఆ వేడిని ఒక మూసిన పెట్టెలో పెడదాం. గోడకు బిగించిన ఇనుప ప్యానెల్, మీటరు ఎత్తు, 80 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు. వెనక గోడ ఉంది కాబట్టి ఆ వైపు నుంచి వేడి పెద్దగా పోదు. ప్యానెళ్లు డిజైన్ చేసేవాళ్లు వాడే సూత్రం ప్రకారం దీనికి వేడిని వదిలే ఉపరితలం సుమారు 2 చదరపు మీటర్లు. పెయింట్ వేసిన ఇనుప రేకు ఒక్కో చదరపు మీటరుకు, లోపలికీ బయటికీ ఉన్న ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 5.5 వాట్లు వదులుతుంది. అంటే మొత్తం పెట్టె డిగ్రీకి 11 వాట్లు. లోపల 200 వాట్ల వేడి పుడుతుంటే, లోపలి గాలి బయటికంటే 18 డిగ్రీలు ఎక్కువ దగ్గర స్థిరపడుతుంది.

సంక్రాంతికి బయట 25 ఉంటే లోపల 43, ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. మేలో రేకుల షెడ్డు కింద 44 ఉంటే లోపల 62. పెట్టె మారలేదు, లోడు మారలేదు, అయినా మెషీన్ ఆగిపోతుంది. "జనవరిలో పెట్టినప్పుడు బాగానే ఉంది కదండీ" అనే మాటకు జవాబు ఇదే.

డ్రైవ్ మాన్యువళ్లు తిరగేస్తే చాలావాటిలో 40 డిగ్రీల వరకు ఫుల్ కెపాసిటీ, ఆ పైన డిగ్రీకి ఒక శాతమో ఇంకాస్త ఎక్కువో తగ్గించుకుంటూ 50 దాకా నడపొచ్చని ఉంటుంది. ఆ 40 ఊళ్లో ఉష్ణోగ్రత అనుకుంటారు చాలామంది. అది డ్రైవ్ తన అడుగు నుంచి పీల్చుకునే గాలిది, అంటే ప్యానెల్ లోపలి గాలిది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో ఆ 40ని నిలబెట్టడం ఎంత కష్టమో ఆ మాన్యువల్ రాసినవాళ్లకు తెలిసి ఉండదు.

ట్రిప్ కాకపోతే అంతా బాగున్నట్టేనా

వేడి చేసే అసలు నష్టం మీటర్లలో కనిపించదు. ట్రిప్ అయితే కనీసం మనకు తెలుస్తుంది. తెలియకుండా జరిగేది కెపాసిటర్లు ఎండిపోవడం.

డ్రైవ్‌లో, ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లైలో, సీసీటీవీ రికార్డర్‌లో, అన్నింట్లోనూ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటాయి. చిన్న డ్రమ్ముల్లా ఉండేవి, లోపల ద్రవం ఉంటుంది. వేడికి ఆ ద్రవం సీలు గుండా కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఇంజినీర్లు వాడే మోటు లెక్క. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసి ఉన్న కెపాసిటర్‌ను తీసుకోండి. 75 డిగ్రీల దగ్గర అది 16,000 గంటలు నిలుస్తుంది, రాత్రింబవళ్లు నడిపితే రెండేళ్లకు కాస్త తక్కువ. 65 దగ్గర మూడున్నరేళ్ల పైచిలుకు. 55 దగ్గర ఏడేళ్లు దాటుతుంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రోజు కొన్న రెండు డ్రైవ్‌లలో ఒకటి మూడేళ్లకే పోయి ఇంకోటి ఏడేళ్లయినా నడుస్తుంటే, పోయినదాన్ని "పీసు బాలేదు" అంటాం. రెండూ ఏ గాలి పీల్చాయో ఎవరూ అడగరు.

యూపీఎస్ బ్యాటరీలది ఇంకా పాపం. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కేస్తారు. దానికి ఎనిమిది, పది డిగ్రీలు ఎక్కువైతే ఆయుష్షు సగం. ఆఫీసుల్లో స్థలం లేదని యూపీఎస్‌ను సర్వర్ వెనకాల, అది వదిలే వేడి గాలిలోనే పెడతారు. రెండేళ్లకోసారి బ్యాటరీలు మారుస్తూ బ్యాటరీ కంపెనీని తిట్టుకుంటారు.

గాలి ఎంత కావాలి, ఎటు నుంచి ఎటు

మూసిన పెట్టె వదలలేని వేడిని గాలితో మోయించాలి. దీనికి ఒక లెక్క గుర్తుంటే చాలు: వాట్లను, ఎన్ని డిగ్రీలు పెరగనివ్వొచ్చో ఆ అంకెతో భాగించి 1.76తో గుణిస్తే ఎన్ని సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపు అడుగులు) గాలి కావాలో వస్తుంది. వెయ్యి వాట్ల వేడి, 10 డిగ్రీల పెరుగుదల అంటే 176 సీఎఫ్‌ఎం, గంటకు దాదాపు 300 ఘనపు మీటర్లు. 5 డిగ్రీలే పెరగాలంటే దానికి రెట్టింపు. ఎండకు గాలి పలచబడుతుంది, అదే పరిమాణంలో మోసే వేడి తగ్గుతుంది. అందుకే మన మే నెలకు నేను 1.76 బదులు 1.9 వేసుకుంటాను.

ఈ లెక్కలోనే ఇంకో నిజం ఉంది. ఫ్యాన్ ఎంత పెద్దదైనా లోపలి గాలిని బయటి గాలికంటే చల్లగా చేయలేదు. బయట 44 ఉంటే లోపల 44కి పైనే. ఎంత పైన అన్నదే మన చేతిలో ఉంది.

ఫ్యాన్ డబ్బా మీద రాసే సీఎఫ్‌ఎం, ముందు ఏమీ అడ్డం లేనప్పుడు వచ్చేది. జాలీ, ఫిల్టర్, లోపల వైరింగ్ డక్టులు, బయటికి పోయే లూవర్ ఇవన్నీ దాటాక అందులో సగం వస్తే సంతోషించాలి. ఫిల్టర్‌లో తవుడు నిండితే అది కూడా రాదు. ఫ్యాన్ గిర్రున తిరుగుతూ కనిపిస్తుంది, శబ్దమూ వస్తుంది, గాలి మాత్రం కదలదు. మెయింటెనెన్స్ రిజిస్టరులో "ఫ్యాన్ ఓకే" అని టిక్కు పెట్టేసేది ఇక్కడే. నేను అడిగేది ఫ్యాన్ తిరుగుతోందా అని కాదు, బయటికి వచ్చే జాలీ దగ్గర చెయ్యి పెడితే గాలి తగులుతోందా అని.

దీనికి నా దగ్గర ఉన్న మంచి పనిముట్టు అగరొత్తి. సంచిలో ఎప్పుడూ ఒక ప్యాకెట్ ఉంటుంది. ప్యానెల్ తలుపు మూసి, బయటి వైపున జాలీకి రెండంగుళాల దూరంలో వెలిగించిన అగరొత్తి పట్టుకుంటే పొగ ఎటు పోతోందో కళ్లారా చూడొచ్చు. లోపలికి లాగాల్సిన చోట లాగుతోందా, బయటికి నెట్టాల్సిన చోట నెడుతోందా, పైన వదిలిన గాలి గోడకు తగిలి వంగి మళ్లీ కింద జాలీలోకి వస్తోందా, అన్నీ తెలుస్తాయి. బూడిద జాలీ మీద రాలకుండా చూసుకోవాలి. తవుడు, దూది ఎగిరే చోట, మంటంటుకునేది ఏదున్నా నిప్పు తీసుకెళ్లకూడదు. అక్కడ సన్నగా చింపిన టిష్యూ కాగితం ముక్క చాలు.

మిర్యాలగూడ మిల్లులో కాగితమే వాడాను. ప్యానెల్ తలుపులు మూయించి, కింద జాలీ దగ్గర కాగితం పెట్టాను. లోపలికి వాలింది, మంచిదే. స్టూలెక్కి పైన జాలీ దగ్గర పెట్టాను. అక్కడా లోపలికే వాలింది. రెండు ఫ్యాన్లూ లోపలికే నెడుతున్నాయి, గాలికి బయటికి పోయే దారే లేదు. పై ఫ్యాన్ కిందటేడు కాలిపోతే ఎవరో మార్చారు, మార్చేటప్పుడు తిరగేసి బిగించారు. ఫ్యాన్ బాడీ పక్కన చిన్న బాణం గుర్తు అచ్చుపోసి ఉంటుంది, గాలి ఎటు పోతుందో చెప్పేది. దాన్ని చూడలేదు. నాలుగు స్క్రూలు విప్పి తిప్పి బిగించడానికి పావుగంట పట్టింది. ఆ ఒక్క తప్పు వల్ల మిల్లు రెండు నెలలుగా మధ్యాహ్నాలు ఆగుతోంది.

దుమ్ముండే చోట ఫ్యాన్ ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యం. కింద ఫిల్టర్ పెట్టి, దాని వెనకే ఫ్యాన్ బిగించి గాలిని లోపలికి నెట్టడం నా పద్ధతి. అలా నెడితే పెట్టె లోపల ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉండి, తలుపు సందుల్లోంచి, కేబుళ్లు లోపలికొచ్చే గ్లాండ్ల దగ్గర నుంచి గాలి బయటికే పోతుంది. పైన ఫ్యాన్ పెట్టి లాగితే ప్రతి సందులోంచీ ఫిల్టర్ లేని గాలి, దానితో దుమ్ము వస్తుంది. పైగా కింద ఉన్న ఫ్యాన్ చల్లటి గాలిలో తిరుగుతుంది కాబట్టి దాని బేరింగ్ ఎక్కువ కాలం నిలుస్తుంది. బయటికి పోయే జాలీ మాత్రం లోపలికి వచ్చే జాలీ అంత, వీలైతే ఇంకా పెద్దగా ఉండాలి.

ఇంకో పొరపాటు, రెండు డ్రైవ్‌లను ఒకదాని నెత్తిన ఒకటి బిగించడం. కింది డ్రైవ్ వదిలిన వేడి గాలిని పైది పీలుస్తుంది. పైదే ఎప్పుడూ ట్రిప్ అవుతుంటే పేరు దానికొస్తుంది, తప్పు కిందిదానిది కూడా కాదు, ప్యానెల్ కట్టినవాళ్లది. కొత్తగా ప్యానెల్ చేయించుకునేవాళ్లకు ఒక సలహా. కొన్ని డ్రైవ్‌లను హీట్‌సింక్ భాగం ప్యానెల్ వెనక రేకులోంచి బయటికి వచ్చేలా బిగించే వీలుంది. అప్పుడు వేడిలో ఎక్కువ భాగం పెట్టెలోకే రాదు. రానివ్వని వేడిని తీయాల్సిన పనే లేదు.

ర్యాకుల దగ్గరికి వస్తే

సర్వర్ ర్యాక్ టెలిఫోన్ ఎక్స్చేంజీల కాలం నుంచి వచ్చిన కొలత. 19 అంగుళాల వెడల్పు, ఒక్కో అర ఎత్తు 44.45 మిల్లీమీటర్లు, దాన్నే 1యూ అంటాం. సర్వర్లన్నీ ముందు నుంచి గాలి పీల్చి వెనక్కి వదులుతాయి. ఈ ఒక్క మాటను గౌరవిస్తే ర్యాక్ చల్లగా ఉంటుంది. ఐబీఎంలో రాబర్ట్ సల్లివాన్ 1992లో ప్రతిపాదించిన పద్ధతి కూడా ఇదే: వరసల్లో ర్యాకులను ముఖాలు ముఖాలకు, వీపులు వీపులకు ఎదురుగా పెడితే చల్లటి గాలి ఒక నడవలో, వేడి గాలి పక్క నడవలో ఉండిపోతాయి, కలవవు. ఇవాళ ప్రపంచంలో పెద్ద డేటా సెంటర్లు చాలావరకు ఆ ఆలోచన మీదే నడుస్తున్నాయి.

చిన్న ఆఫీసులో జరిగేది వేరు. ఒకసారి హైదరాబాద్‌లో ఒక ఆఫీసుకు వెళ్లాను. సర్వర్ విమానంలా మోగుతోందని పిలిచారు. గదిలోకి అడుగు పెడితే నాకు చలేసింది. స్ప్లిట్ ఏసీ రిమోట్ మీద 20 ఉంది. సర్వర్ ముందు భాగంలోని సెన్సర్ మాత్రం 36 చూపిస్తోంది. ఏసీ సరిగ్గా ర్యాక్ వీపు మీదికి కొడుతోంది. చల్లటి గాలంతా వేడి గాలితో కలిసి పాడైపోతోంది. ర్యాక్‌లో సర్వర్‌కు పైనా కిందా పది అరలు ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీల్లోంచి వెనకున్న వేడి గాలి ముందుకు వచ్చేస్తోంది, సర్వర్ తను వదిలిన ఊపిరినే తను పీలుస్తోంది. పైగా ముందు గాజు తలుపు, చూడ్డానికి అందంగా ఉంటుందని.

గాజు తలుపు తీయించాం. ఖాళీ అరలకు బ్లాంకింగ్ ప్లేట్లు తెప్పించేలోపు అట్టపెట్టె కోసి టేపుతో అతికించాం. ఏసీ రెక్కలు తిప్పి గాలి ర్యాక్ ముందుకు వెళ్లేలా చేశాం. అరగంటలో సెన్సర్ 26కి దిగింది, మోత ఆగిపోయింది. ఏసీని 24కి పెంచి వచ్చాను.

సర్వర్ల దగ్గర చూడాల్సిన అంకె ఈ ముందు భాగపు ఉష్ణోగ్రతే. ఆష్రే అనే అమెరికన్ ఇంజినీర్ల సంస్థ సర్వర్ పీల్చే గాలికి 18 నుంచి 27 డిగ్రీలు సిఫార్సు చేస్తుంది. మామూలు సర్వర్లలో చాలావాటిని 35 దాకా అనుమతిస్తుంది. గదిని 18కి దింపాల్సిన అవసరమే లేదు. గది ఎంత చల్లగా ఉందన్నది మనకు సుఖం, సర్వర్‌కు దాని ముక్కు దగ్గరి గాలే లెక్క. మోత గురించి కూడా ఒక మాట. ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది తాగే కరెంటు ఎనిమిది రెట్లవుతుంది. మోగుతున్న సర్వర్ కరెంటు బిల్లు కూడా పెంచుతోంది.

నెట్‌వర్క్ స్విచ్‌లు ఈ వరసకు లొంగవు. కొన్ని పక్కల నుంచి పీల్చి పక్కలకు వదులుతాయి. కొన్నింటిలో పోర్టులున్న వైపు నుంచి గాలి లోపలికి వెళ్తుంది, కొన్నింటిలో అదే వైపు నుంచి బయటికి వస్తుంది. కేబుళ్లకు సులువని స్విచ్‌ను తిప్పి బిగిస్తే, చల్లటి నడవలోకి వేడి గాలి ఊదుతూ ఉంటుంది. కొనేటప్పుడే గాలి దిశ అడిగి తీసుకోవాలి.

కరెంటు పోయిన రాత్రి

చిన్న సర్వర్ గదులకు నిజంగా గండం ఏసీ చెడిపోయినప్పుడు కంటే కరెంటు పోయినప్పుడే. సర్వర్లు యూపీఎస్ మీద ఉంటాయి, ఏసీ ఉండదు. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ పది అడుగులున్న గది, అంటే సుమారు 28 ఘనపు మీటర్ల గాలి. అందులో 2 కిలోవాట్ల సర్వర్లు నడుస్తుంటే, ఆ గాలి ఒక్కటే వేడెక్కేటట్టయితే మూడు నిమిషాల్లోపే 10 డిగ్రీలు పెరుగుతుంది. గోడలు, ర్యాకు ఇనుము కొంత వేడిని పీల్చుకుంటాయి కాబట్టి అసలు పెరుగుదల నెమ్మదిగా ఉంటుంది. అయినా యూపీఎస్ గంట బ్యాకప్ ఇస్తుందని సంబరపడేలోపే సర్వర్ వేడికి ఆగిపోవచ్చు. బ్యాకప్ ఎక్కువున్నకొద్దీ టెన్షన్ ఎక్కువ అన్నమాట.

జనరేటర్ ఉన్నా సరే, ఏసీ దానంతటదే మళ్లీ ఆన్ అవుతుందా అని ఒకసారి మెయిన్ ఆపి చూడండి. కొన్ని ఏసీలు కరెంటు వచ్చాక రిమోట్ నొక్కేదాకా అలాగే పడుకుంటాయి. ఆదివారం తెల్లవారుజామున రిమోట్ నొక్కేవాళ్లెవరు? గది పైభాగంలో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి దాన్ని యూపీఎస్ మీద వేసి, తలుపు కింద గాలి వచ్చే సందు వదిలితే చాలాసార్లు గండం గట్టెక్కుతుంది. బయట 38 ఉన్నా సరే, మూసిన గది 50కి వెళ్లడం కంటే నయం.

ఏసీ పెట్టిన ప్యానెళ్లు, ఎండలో నిలబడ్డ పెట్టెలు

దుమ్ము మరీ ఎక్కువైన చోట, బయటి గాలినే లోపలికి రానివ్వకూడదనుకున్న చోట, మూసిన పెట్టెకు ప్యానెల్ ఏసీ బిగిస్తారు. బయటి గాలి లోపలి గాలికంటే బాగా చల్లగా ఉండే ఊళ్లో అయితే హీట్ ఎక్స్చేంజర్ (లోపలి, బయటి గాలులు కలవకుండా వేడిని మాత్రమే బయటికి చేర్చేది) సరిపోతుంది. కానీ అది కూడా ఫ్యాన్ లాగే బయటి ఉష్ణోగ్రత కిందికి దింపలేదు కనుక మన ఎండలకు చాలాచోట్ల చాలదు. ఏసీ దింపగలదు, దింపినందుకు ఇంకో ఇబ్బంది తెస్తుంది.

విశాఖలో మే నెల. గాలి 32 డిగ్రీలు, తేమ 70 శాతం అనుకుందాం. ఆ గాలి 26 డిగ్రీల దగ్గరే నీరు కక్కుతుంది. ప్యానెల్ ఏసీని 22కి పెట్టి, మధ్యలో తలుపు తెరిస్తే, చల్లబడ్డ బస్‌బార్ల (కరెంటు మోసే లోహపు పట్టీల) మీద, కార్డుల మీద సన్నటి నీటి పొర పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పట్టినట్టే. తలుపు రబ్బరు పాతబడి గాలి కారుతుంటే రోజంతా అదే పని. ప్యానెల్ ఏసీని 35 దగ్గర పెట్టమని నేను చెప్తే చాలామంది నమ్మరు. ఎలక్ట్రానిక్స్‌కు 35 హాయి, నీరూ పట్టదు, కరెంటూ తక్కువ.

రోడ్డు కూడలిలో సిగ్నల్ పెట్టె, స్తంభానికి వేలాడే కెమెరా పెట్టె, సెల్ టవర్ కింద క్యాబినెట్ ఇవి ఎండను నేరుగా భరిస్తాయి. నడినెత్తి సూర్యుడు చదరపు మీటరుకు దాదాపు 1,000 వాట్లు కుమ్మరిస్తాడు. లోపల స్విచ్ 60 వాట్లే తాగుతుండొచ్చు, పెట్టె పీల్చుకునే ఎండ అంతకు ఎన్నో రెట్లు. ఇలాంటి చోట ఫ్యాన్ గురించి ఆలోచించే ముందు నీడ గురించి ఆలోచించాలి. పెట్టెకు నాలుగు వేళ్ల ఎడంలో ఇంకో రేకు గొడుగులా బిగించి, మధ్యలో గాలి ఆడనిస్తే ఎండ ఆ రేకు మీదే ఆగుతుంది. తెల్ల పెయింటు వేస్తే ఇంకా మంచిది. పడమటి ఎండ తగలని వైపుకు పెట్టెను తిప్పడానికి అసలు ఖర్చే లేదు.

గాలి చాలని చోట

ఇక పెద్ద ఊసు. అమెజాన్ క్లౌడ్ విభాగం 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్, అంటే డేటా సెంటర్ల సముదాయం, తెరిచింది. విశాఖలో గూగుల్ 15 బిలియన్ డాలర్ల పెట్టుబడితో ఏఐ హబ్ కడతానని 2025 అక్టోబరులో ప్రకటించింది. అక్కడ ర్యాకుల లెక్కే వేరు. ఎన్విడియా 2024లో చూపించిన ఎన్‌వీఎల్72 అనే ఒక్క ర్యాక్ దాదాపు 120 కిలోవాట్లు తాగుతుంది. పైన చెప్పిన సూత్రంలో వేయండి: 10 డిగ్రీల పెరుగుదలకు 21 వేల సీఎఫ్‌ఎం, సెకనుకు 10 ఘనపు మీటర్ల గాలి. అల్మారా అంత ఇనుప పెట్టెలోంచి అంత గాలిని తోయాలంటే ఫ్యాన్లు గాలివాన సృష్టించాలి. అదే వేడిని నీళ్లు సెకనుకు 3 లీటర్ల లోపే మోసేస్తాయి, ఎందుకంటే పరిమాణానికి పరిమాణం నీరు గాలికంటే దాదాపు 3,500 రెట్లు వేడి మోస్తుంది. అందుకే ఆ ర్యాకులో చిప్పుల నెత్తిన రాగి ప్లేట్లు పెట్టి వాటిలోంచి ద్రవాన్ని పారిస్తారు. ఇది ఇవాళ పుట్టిన ఆలోచన కాదు. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్ సర్క్యూట్లను కరెంటు పారని ఒక ద్రవంలో పూర్తిగా ముంచే నడిపారు.

నీళ్లు మోసుకొచ్చిన వేడిని కూడా చివరికి బయటి గాలిలోకే వదలాలి. చాలాచోట్ల కూలింగ్ టవర్లలో నీటిని ఆవిరి చేసి వదులుతారు. విశాఖ లాంటి ఊరికి ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయన్నది ఊరివాళ్లు గట్టిగా అడగాల్సిన ప్రశ్నే, అడుగుతున్నారు కూడా. రైస్ మిల్లు ప్యానెల్ దగ్గర నేను అడిగేదీ అదే: ఇక్కడి వేడి ఎటు పోతోంది, ఎవరి మీదికి పోతోంది?

మిల్లులో ఫ్యాన్ తిప్పి బిగించడంతో పని అయిపోలేదు. ఆ షెడ్డు రేకుల కింద గాలే 44 ఉంది. గోడకు అవతల, ఉత్తరం వైపు వేప చెట్టు నీడలో పెడితే అదే థర్మామీటర్ 41 చూపించింది. గోడకు కన్నం పెట్టించి, ఆ నీడ గాలి నేరుగా ప్యానెల్ అడుగుకు వచ్చేలా రేకు డక్టు చేయించాం. కింద ఫ్యాన్ పెద్దది వేశాం, రెండు ఫిల్టర్ల సెట్లు ఇచ్చాం, ఒకటి ఉతికి ఆరేస్తే ఇంకోటి వేసుకునేలా. హీట్‌సింక్ రెక్కల్లోంచి దోసెడు తవుడు వచ్చింది. మరుసటి వారం మధ్యాహ్నం రెండున్నరకు ఆపరేటర్‌కు ఫోన్ చేశాను. ప్యానెల్ లోపల 48 ఉందన్నాడు. మోటారు ఫుల్ లోడు మీద ఎప్పుడూ నడవదు కాబట్టి ఆ డ్రైవ్‌కు 48 పరవాలేదు. తలుపులు మూసే ఉన్నాయా అని అడిగాను. "మూసే ఉన్నయ్ సార్. టేబుల్ ఫ్యాన్ ఇప్పుడు నా కుర్చీ కాడ పెట్టుకున్న" అన్నాడు.